రిపోర్టులో అంకె, చట్టంలో అంకె: ఆహార పరీక్ష ఫలితాన్ని పరిమితితో సరిగ్గా పోల్చడం ఎలా

వేరుశనగ గింజల లాట్‌కి ల్యాబ్ రిపోర్టు వచ్చింది. మొత్తం అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల గింజల్లో పుట్టే విషం): కిలోకి 9.2 మైక్రోగ్రాములు. సరుకు పాసా, ఫెయిలా?

ఈ ఒక్క అంకె చూసి చెప్పలేం. ఇంకా శుద్ధి చేయాల్సిన గింజలకు అంతర్జాతీయ ప్రమాణమైన కోడెక్స్ పెట్టిన పరిమితి 15. ఆ లెక్కన పాస్. అవే గింజలు నేరుగా తినడానికని యూరోపియన్ యూనియన్‌కి వెళ్తే అక్కడ పరిమితి 4, పైగా దానిలో ఒక రకమైన అఫ్లాటాక్సిన్ బీ1 ఒక్కటే విడిగా 2 దాటకూడదు. అక్కడ ఫెయిల్. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 20 దాటితేనే చర్య తీసుకుంటుంది. సరుకు మారలేదు, అంకె మారలేదు, తీర్పు మాత్రం మారుతూ పోయింది.

రిపోర్టు చేతికి రాగానే చాలామంది చట్టంలోని అంకెను దాని పక్కన పెట్టి చూస్తారు. నిజానికి అది ఆఖరున చేయాల్సిన పని. అంతకంటే ముందు తేలాల్సినవి ఉన్నాయి: పరిమితి ఏ రకానిది, ఏ పదార్థానికి, ఏ ఆహారానికి ఏ దశలో వర్తిస్తుంది, శాంపిల్ ఎలా తీశారు, ల్యాబ్ ఆ అంకెను ఎలా లెక్కగట్టింది. వీటిలో ఒక్కటి తప్పినా మంచి సరుకు పారబోయడమో, చెడ్డ సరుకు జనం కంచంలోకి పంపడమో జరుగుతుంది.

పరిమితి ఏ రకానిది?

అన్ని పరిమితులూ ఒకే తర్కంతో పుట్టలేదు. కలుషితాలు ఎవరూ కావాలని వేసేవి కావు. బూజు, నేల, నీళ్లు, వేడి వల్ల వచ్చి చేరేవి: అఫ్లాటాక్సిన్లు, సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం లాంటివి. వీటికి పరిమితి పెట్టేటప్పుడు ఆరోగ్యాన్ని చూస్తూనే, మంచి పద్ధతులు పాటిస్తే ఎంత తక్కువకు తేగలమో అంత తక్కువకు తెస్తారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ), ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) నడిపే కోడెక్స్ కమిషన్ 1963 నుంచి పనిచేస్తోంది. కలుషితాలకు దాని మూల పత్రం సీఎక్స్ఎస్ 193-1995. కోడెక్స్ తనంతట తాను చట్టం కాదు. దేశాలు దాన్ని తమ చట్టంలోకి తెచ్చుకుంటాయి, కొన్ని ఇంకా కఠినంగా పెట్టుకుంటాయి. యూరోపియన్ యూనియన్‌లో 2023 మే 25 నుంచి అమల్లో ఉన్నది 2023/915 నియంత్రణ. పాత 1881/2006 రద్దయింది. ఇప్పటికీ పాత నంబరు రాసి పంపే రిపోర్టులు ఉంటాయి. అలాంటిది కనిపిస్తే ఆ ల్యాబ్ పరిమితుల పట్టిక ఎప్పటిదో అడగండి.

పురుగుమందుల అవశేషాల పరిమితి తీరు వేరు. లేబుల్‌లో చెప్పినట్టు కొట్టి, చెప్పినన్ని రోజులు ఆగి కోస్తే పంటలో గరిష్ఠంగా ఎంత మిగులుతుందో పొలం పరీక్షల్లో చూసి ఆ అంకె పెడతారు. అంత మిగిలినా వినియోగదారుకు హాని లేదని రోజువారీ సురక్షిత మోతాదుతో సరిచూసుకున్నాకే ఖాయం చేస్తారు. కాబట్టి పరిమితి దాటిందంటే మొదటి అర్థం మందు వాడకంలో ఎక్కడో తప్పు జరిగిందని. తిన్నవాళ్లకు ప్రమాదం ఎంతో వేరే లెక్క వేసి తేల్చాలి. ఇక్కడ బాగా నష్టం తెచ్చే పొరపాటు ఒకటుంది: జాబితాలో మన పంటకి ఆ మందు పేరు లేదు కాబట్టి పరిమితి లేదనుకోవడం. యూరోపియన్ యూనియన్ 396/2005 నియంత్రణ ప్రకారం విడిగా పరిమితి పెట్టని చోట కిలోకి 0.01 మిల్లీగ్రాము దానంతట అదే వర్తిస్తుంది. పేరు లేకపోతే పరిమితి మరింత బిగుసుకుంటుందన్నమాట.

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధిత పశువైద్య మందులకు అసలు అనుమతించే స్థాయే లేదు. యూరోపియన్ నియమాల్లో కనిపించే కిలోకి 0.15 మైక్రోగ్రాము (క్లోరాంఫెనికాల్), 0.5 మైక్రోగ్రాము (నైట్రోఫ్యూరాన్ జీవక్రియా పదార్థాలు) చర్య మొదలుపెట్టే గీతలు. అంతవరకు వాడుకోవచ్చని ఇచ్చిన అనుమతులు కావు. దీనికి పూర్తిగా ఎదురు కొసన అక్రిలమైడ్ ఉంటుంది, పిండిపదార్థం ఉన్న ఆహారాన్ని బాగా వేడిచేసినప్పుడు పుట్టే పదార్థం. యూరప్‌లో బంగాళాదుంప చిప్స్‌కి ఉన్న 750 మైక్రోగ్రాములు కేవలం ప్రామాణిక స్థాయి. దాటితే వేయించే పద్ధతిని సరిచేసుకోవాలి. అంతమాత్రాన సరుకు చట్టవిరుద్ధం అయిపోదు. రిపోర్టులో రెండూ ఒకే గడిలో, ఒకే రకం అక్షరాల్లో ఉంటాయి కాబట్టి తేడా మనమే గుర్తుపెట్టుకోవాలి.

పరిమితి సరిగ్గా ఏ పదార్థానికి?

పరిమితి పక్కన ఉన్న పేరు అక్షరం వదలకుండా చదవండి.

బియ్యంలో ఆర్సెనిక్ తీసుకోండి. కోడెక్స్ పరిమితి అకర్బన ఆర్సెనిక్‌కి (కార్బన్‌తో కలవని రూపానికి): పాలిష్ బియ్యంలో కిలోకి 0.2 మిల్లీగ్రాము, పొట్టు మాత్రమే తీసిన ముడిబియ్యంలో 0.35. ల్యాబ్‌లు సాధారణంగా చేసే తేలిక పరీక్ష మొత్తం ఆర్సెనిక్‌ది. కోడెక్స్ ఇందుకు ఒక దారి చూపింది. ముందు మొత్తం ఆర్సెనిక్ కొలవండి. అదే 0.2 లోపు వస్తే, అందులో భాగమైన అకర్బనం దాన్ని మించదు కాబట్టి పని అయిపోయింది. 0.26 వచ్చిందనుకోండి, అప్పుడు సరుకును తిప్పిపంపకూడదు, పాస్ చేయకూడదు కూడా. అకర్బన ఆర్సెనిక్‌ని విడదీసి కొలిచే రెండో పరీక్షకు పంపాలి. అందులో 0.15 వస్తే ఆ బియ్యం నిక్షేపంగా పాస్. చేపల్లో పాదరసానికీ ఇదే వరస. కోడెక్స్ పరిమితి పాదరసం రూపాల్లో ఒకటైన మిథైల్ మెర్క్యురీకి (ట్యూనాకి 1.2, సొరచేపకి 1.6 మిల్లీగ్రాములు). మొత్తం పాదరసం అంతకంటే తక్కువుంటే రెండో పరీక్ష అక్కర్లేదు.

కొన్ని పరిమితులు మొత్తానికి ఉంటాయి. మొత్తం అఫ్లాటాక్సిన్ అంటే బీ1, బీ2, జీ1, జీ2 నాలుగూ కలిపి. డీడీటీ అంటే డీడీటీ రెండు రూపాలు, అది విరిగితే వచ్చే డీడీఈ, టీడీఈ కలిపి. మ్యాంకోజెబ్ లాంటి డైథయోకార్బమేట్లను (తెగుళ్లకు కొట్టే ఒక రకం మందులను) వాటి పేరుతో కాక కార్బన్ డైసల్ఫైడ్‌గా లెక్కగట్టి చూపిస్తారు.

ఇథిలిన్ ఆక్సైడ్ విషయంలో చదువుకున్నవాళ్లు కూడా మోసపోతారు. క్రిములు చంపడానికి ఈ వాయువు పట్టించిన గింజల్లో కొన్నాళ్లకు అది దాదాపు మిగలదు, 2-క్లోరోఇథనాల్‌గా మారిపోతుంది. యూరోపియన్ నిర్వచనం ప్రకారం రెండూ కలిపి ఇథిలిన్ ఆక్సైడ్‌గా చెప్పాలి. 2-క్లోరోఇథనాల్‌ని 0.55తో గుణించి కలపాలి. నువ్వుల రిపోర్టులో ఇలా ఉందనుకుందాం: ఇథిలిన్ ఆక్సైడ్ దొరకలేదు, 2-క్లోరోఇథనాల్ 0.12 మిల్లీగ్రాము. పై వరుస చూసి ఊపిరి పీల్చుకుంటారు. లెక్క వేస్తే 0.12 × 0.55 = 0.066. నూనెగింజలకు అక్కడ పరిమితి 0.05. దొరకలేదు అన్న మాట రిపోర్టులో ఉండగానే సరుకు ఫెయిల్.

ఏ ఆహారం, ఏ స్థితిలో?

పరిమితి సరుకు పేరుకే కాదు, దాని దశకీ అంటుకుని ఉంటుంది. యూరప్‌లో తినడానికి సిద్ధమైన వేరుశనగకు బీ1 2, మొత్తం 4. ఇంకా ఏరివేత లేదా వేరే భౌతిక శుద్ధి జరగాల్సిన వేరుశనగకు బీ1 8, మొత్తం 15. ఈ పెద్ద అంకెలు వాడుకోవాలంటే సరుకు శుద్ధికి వెళ్తోందని బస్తాల మీద, కాగితాల్లో స్పష్టంగా రాసి ఉండాలి. ఆ ముక్క రాయకపోతే తినే సరుకు కింద లెక్కగడతారు.

పరీక్షకు తీసుకోవాల్సిన భాగం కూడా నియమంలో ఉంటుంది. పురుగుమందుల విషయంలో అరటిపండును తొక్కతో సహా నూరాలి. తొక్క ఎవరూ తినరు కదా అని ఒలిచి పంపితే వచ్చే అంకె పరిమితితో పోల్చడానికి పనికిరాదు. టెంక ఉన్న పళ్లకు టెంక తీసి నూరతారు కానీ లెక్క మాత్రం టెంక బరువు కలిపి వేస్తారు. 200 గ్రాముల పండులో టెంక 30 గ్రాములైతే, గుజ్జులో కనిపించిన అంకెను 170/200తో గుణించాలి.

ఎండబెట్టిన సరుకు సంగతి. చట్టంలో పచ్చి ఆకుకే పరిమితి ఉంది, మీ దగ్గర ఎండిన ఆకు ఉంది. నీళ్లు పోయినప్పుడు పదార్థం పోలేదు, చిక్కబడింది. చిక్కదనం ఎన్ని రెట్లో ఇలా తీస్తారు:

(100 − ఎండిన సరుకులో తేమ శాతం) ÷ (100 − పచ్చి సరుకులో తేమ శాతం)

పచ్చి ఆకులో 90 శాతం తేమ, ఎండాక 10 శాతం అయితే 90 ÷ 10 = 9 రెట్లు. ఎండిన ఆకులో 0.36 మిల్లీగ్రాము వస్తే పచ్చి లెక్కన 0.04. పచ్చి ఆకు పరిమితి 0.05 అయితే పాస్. రెండు జాగ్రత్తలు. ఎండిన సరుకుకే చట్టం విడిగా అంకె ఇచ్చి ఉంటే ఈ భాగహారం జోలికి పోకూడదు. ఎండేటప్పుడు ఆవిరయ్యే, విరిగిపోయే పదార్థమైతే ఎన్ని రెట్లన్నది తేమ లెక్కతో తేలదు, ఆ పదార్థానికి ప్రత్యేకంగా కొలిచిన అంకె కావాలి. ఏ రెట్లు వాడారో, ఎందుకో తనిఖీ అధికారికి చూపించాల్సిన బాధ్యత సరుకు అమ్మేవాళ్లదే. కాబట్టి తేమ రిపోర్టు కూడా పక్కనే ఉంచుకోండి.

పసిపిల్లల పాలపొడిలో ఇదే లెక్క తిరగబడుతుంది. సీసానికి కోడెక్స్ పెట్టిన 0.01 మిల్లీగ్రాము నీళ్లలో కలిపి తాగించే రూపానికి. పొడిలో 0.05 ఉండి, కలిపిన పాలలో పొడి 13 శాతమైతే తాగేటప్పటికి 0.0065. కోడెక్స్ ప్రకారం లోపలే ఉంది. యూరోపియన్ యూనియన్ మాత్రం పొడిగా అమ్మే దానికి పొడి మీదే 0.020 పెట్టింది. అక్కడ అదే డబ్బా ఫెయిల్.

యూనిట్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కిలోకి మిల్లీగ్రాము అంటే పీపీఎం, కిలోకి మైక్రోగ్రాము అంటే పీపీబీ, మొదటిది రెండోదానికి 1000 రెట్లు. పాలలో అఫ్లాటాక్సిన్ ఎం1కి కోడెక్స్ 0.5 మైక్రోగ్రాము, యూరప్ 0.050 మైక్రోగ్రాము. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే చట్టమే మారిపోతుంది కాబట్టి యూనిట్ గడిని వేలు పెట్టి చదవండి. ఫలితం పొడి బరువు మీదా, ఉన్న బరువు మీదా, కొవ్వు మీదా అన్నదీ అక్కడే ఉంటుంది.

శాంపిల్: అసలు తప్పు ఇక్కడే పుడుతుంది

లక్షల విలువైన యంత్రం మూడో దశాంశం దాకా చెప్పినా, అది చెప్పేది తనకిచ్చిన పిడికెడు గురించే. బూజు విషాల్లో ఈ పిడికెడు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న.

ఎందుకో ఒక్క గింజ దగ్గర ఆగి చూద్దాం. అఫ్లాటాక్సిన్ లాట్ అంతా సమంగా పరుచుకుని ఉండదు. పురుగు కొట్టిన, పగిలిన, బూజు పట్టిన కొద్ది గింజల్లో కుప్పపడి ఉంటుంది. అలాంటి ఒక్క గింజలో గాఢత కిలోకి 10 లక్షల మైక్రోగ్రాముల దాకా వెళ్లిన సందర్భాలున్నాయి. అంటే అరగ్రాము గింజలో 500 మైక్రోగ్రాములు. దాన్ని 20 కిలోల శుభ్రమైన గింజల్లో కలిపి నూరితే కిలోకి 25 వస్తుంది. ఒక్క గింజ, 20 కిలోలు ఫెయిల్.

ఇప్పుడు ఒక ఊహా లాట్ మీద లెక్క వేద్దాం. 10,000 గింజల్లో ఒకటి చెడ్డది, ఒక్కోదానిలో 110 మైక్రోగ్రాములు. గింజ అరగ్రాము కాబట్టి లాట్ అసలు సగటు కిలోకి 22. కోడెక్స్ గీత 15 పైనే ఉంది, ఫెయిల్ కావాల్సిన సరుకు. దాని నుంచి ఒక కిలో తీస్తే అందులో 2,000 గింజలు. చెడ్డ గింజ ఒక్కటీ చేతికి రాకపోయే అవకాశం నూటికి దాదాపు 82. అంటే ఫెయిల్ కావాల్సిన లాట్ నూటికి 82 సార్లు సున్నాతో బయటపడుతుంది. మిగతా సార్లు ఏకంగా 110, 220 చూపించి భయపెడుతుంది. నిజమైన 22 ఎప్పటికీ కనపడదు. అదే 20 కిలోలు తీస్తే 40,000 గింజలు, సగటున 4 చెడ్డవి పడతాయి. రెండో అంతకంటే తక్కువో పడితేనే అంకె 15 లోపు వస్తుంది కాబట్టి తప్పించుకునే అవకాశం నూటికి 24కి పడిపోతుంది. 20 కిలోలు తీసినా అంత మిగులుతోందంటే, కిలో శాంపిల్ మీద సంతకం పెట్టడం ఎంత సాహసమో అర్థమవుతుంది.

శుద్ధికి వెళ్లే వేరుశనగకు కోడెక్స్ పథకం అందుకే 20 కిలోల శాంపిల్ అడుగుతుంది. 25 టన్నుల లాట్ అయితే 200 గ్రాముల చొప్పున 100 చోట్ల తీయాలి. పని వరస ఇది:

1. లాట్ ఒకే రోజు, ఒకే మూలం నుంచి వచ్చిందో లేదో కాగితాలతో సరిచూడండి. రెండు గోదాముల సరుకు ఒకే లాట్ పేరుతో ఉంటే విడదీయండి.
2. ఎన్నేసి బస్తాలకు ఒకదాన్ని తీయాలో ఈ సూత్రంతో తేల్చండి: (లాట్ బరువు × ఒక్కో చోట తీసే బరువు) ÷ (మొత్తం శాంపిల్ బరువు × ఒక్కో బస్తా బరువు). 25,000 కిలోల లాట్, 50 కిలోల బస్తాలైతే (25,000 × 0.2) ÷ (20 × 50) = 5. ప్రతి అయిదో బస్తా నుంచి తీయాలి.
3. బస్తాలోకి గుచ్చే గొట్టం అడుగు దాకా దిగాలి. పై పొర, తలుపు దగ్గరి వరుస మాత్రమే తీస్తే అది లాట్ శాంపిల్ కాదు. తడి తగిలిన గోడ పక్క బస్తాలను వదిలేయడం ఇంకా పెద్ద తప్పు.
4. తీసిందంతా కలిపి, 20 కిలోలూ నూరించండి. నూరాకే పరీక్షకు కావాల్సిన కొద్ది భాగం తీయాలి.

నాలుగోది ఎక్కువగా తప్పుతుంది. 20 కిలోలు కష్టపడి తీసి, అందులోంచి 200 గ్రాములు గిన్నెలోకి వంపి, దాన్ని నూరతారు. మొదటి మూడు మెట్ల కష్టం ఆ ఒక్క వంపుతో వృథా. నూనె ఉన్న గింజలు పొడిగా నూరితే ముద్దకట్టి సరిగ్గా కలవవు. అందుకే చాలా ల్యాబ్‌లు నీళ్లు పోసి జావలా చేస్తాయి. గింజలూ నీళ్లూ సమాన బరువులో కలిపితే 50 గ్రాముల జావలో 25 గ్రాములే గింజ. ఈ భాగహారం మరిచిపోతే ఫలితం సగానికి సగం తగ్గి వస్తుంది, సరుకు పాసైపోతుంది.

శాంపిల్ ప్రయాణం కూడా పరీక్షలో భాగమే. తేమ ఉన్న గింజలను ప్లాస్టిక్ సంచిలో బిగించి రెండు రోజులు వెచ్చటి చోట ఉంచితే బూజు దారిలోనే పెరుగుతుంది. తేమ ఉన్నవాటిని గాలాడే గుడ్డ సంచిలో వేసి, చల్లగా, వెంటనే చేర్చండి. వెలుతురుకు అఫ్లాటాక్సిన్ విరుగుతుంది కాబట్టి నీడ కావాలి.

లోహాలకు, పురుగుమందులకు ఇంత పెద్ద శాంపిల్ అక్కర్లేదు, అవి కొంత సమంగానే ఉంటాయి. లోహాలకు యూరోపియన్ నియమం 500 కిలోలు దాటిన లాట్‌లో కనీసం 10 చోట్ల తీసి, మొత్తం కిలోకి తగ్గకుండా చూడమంటుంది. అక్కడ భయం వేరు: నూరే యంత్రం బ్లేడు నుంచి, సోల్డర్ వేసిన పాత్ర నుంచి లోహం శాంపిల్‌లోకి ఎక్కడం. పురుగుమందులకు కోడెక్స్ పద్ధతిలో 25 నుంచి 250 గ్రాముల మధ్య ఉండే కాయలైతే కనీసం 10 కాయలు, కనీసం కిలో. కడగొద్దు. మట్టి అంటితే దులపండి, అంతే. డైథయోకార్బమేట్ల పరీక్ష ఉంటే శాంపిల్‌ని మెత్తగా నూరి పంపకండి. మొక్క రసం తగిలితే అవి విరిగిపోతాయి. ముక్కలుగా కోసి వెంటనే పరీక్షించే పద్ధతి ఉందో లేదో ల్యాబ్‌ని ముందే అడగండి.

రిపోర్టు చదవడం

ల్యాబ్‌ల సామర్థ్యానికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 17025 గుర్తింపు ఉందంటే చాలదు. ఆ గుర్తింపు పరిధిలో మీ ఆహారం, మీరడిగిన పరీక్ష రెండూ ఉన్నాయో లేదో చూడాలి. నీళ్లలో సీసం కొలవడానికి గుర్తింపు ఉన్న ల్యాబ్, చేపలో సీసం బాగా కొలుస్తుందని హామీ లేదు.

తర్వాత చూడాల్సింది కొలత కింది హద్దు. ల్యాబ్‌లలో దీన్ని ఎల్ఓక్యూ అంటారు. ఇంతకంటే తక్కువుంటే నమ్మకంగా అంకె చెప్పలేమని ల్యాబ్ ఒప్పుకునే స్థాయి ఇది. రిపోర్టులో ఎన్‌డీ అనో, దొరకలేదు అనో ఉండి, పక్కన ఎల్ఓక్యూ లేకపోతే ఆ మాటకు విలువ లేదు. బీ1 పరిమితి 2 ఉన్న చోట ఎల్ఓక్యూ 5 ఉన్న పద్ధతితో చేస్తే 4.5 ఉన్న సరుకు కూడా దొరకలేదు కిందికే వస్తుంది. పరీక్షకు డబ్బు కట్టకముందే ఎల్ఓక్యూ ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకోండి. పరిమితిలో సగం కంటే తక్కువ ఉండాలని పట్టుబట్టడం మంచిది. నాలుగు అఫ్లాటాక్సిన్లు కలిపేటప్పుడు యూరోపియన్ నియమంలో ఎల్ఓక్యూ కిందవి సున్నాగా లెక్క. డయాక్సిన్లకు మాత్రం తిరగబడుతుంది: దొరకనివి కూడా ఎల్ఓక్యూ అంత ఉన్నట్టే కలపాలి.

మూడోది, ఎంత పట్టుకుంది అన్న శాతం, ల్యాబ్ భాషలో రికవరీ. శుభ్రమైన నమూనాలో తెలిసినంత విషం కలిపి, పద్ధతి అందులో ఎంత తిరిగి పట్టుకుంటుందో చూస్తారు. 70 శాతమే పట్టుకునే పద్ధతి 8 అని చెప్తే అసలు అంకె 8 ÷ 0.70 = 11.4. పరిమితి 10 అయితే తీర్పు తలకిందులు. బూజు విషాలకు యూరప్‌లో ఈ సవరణ తప్పనిసరి. రిపోర్టులో సవరించిన అంకె ఉందా, సవరించనిదా అన్న మాట స్పష్టంగా ఉండాలి. లేకపోతే అడిగి రాయించుకోండి. తెలియకుండా మీరు ఇంకోసారి సవరిస్తే మంచి సరుకును చంపినవాళ్లవుతారు.

నాలుగోది కొలతలో ఉండే అటూఇటూ. 12.4 ± 3.1 అని రాస్తే అసలు విలువ 9.3కి, 15.5కి మధ్య ఎక్కడో ఉండే అవకాశం ఎక్కువని. పరిమితి 10 అనుకోండి. యూరప్‌లో అధికారి ఈ ± భాగాన్ని తీసేసి చూస్తాడు: 9.3, పరిమితి లోపల, కాబట్టి ఉల్లంఘన సందేహానికి అతీతంగా రుజువు కాలేదు. పురుగుమందులకు అక్కడ ± భాగంగా ఫలితంలో 50 శాతం వాడతారు. పరిమితి 0.01 ఉన్న చోట 0.018 వస్తే 0.009గా చూసి వదులుతారు, 0.021 వస్తే 0.0105 కాబట్టి పట్టుకుంటారు.

ఈ వెసులుబాటు చర్య తీసుకునే అధికారికి ఇచ్చింది. సరుకు తయారుచేసేవాళ్లు దాన్ని తమ ఖాతాలో వేసుకోవడం సరికాదు. రేపు అదే లాట్ మరో ల్యాబ్‌లో 14 చూపించవచ్చు. బయటికి వదిలేటప్పుడు ± భాగాన్ని కలిపి చూడండి: 12.4 కాదు, 7.5 ± 1.9 లాంటిది వచ్చి, కలిపినా 9.4 దగ్గర ఆగితేనే పంపండి. తినేవాళ్ల వైపు నుంచి ఆలోచిస్తే ఇదొక్కటే న్యాయమైన లెక్క.

లోపల ఉందంటే ఎంతైనా తినొచ్చని కాదు

పరిమితి ఒక కిలో సరుకు గురించి మాట్లాడుతుంది, మనిషి కంచం గురించి కాదు. మిథైల్ మెర్క్యురీకి ఎఫ్ఏఓ, డబ్ల్యూహెచ్ఓల ఉమ్మడి నిపుణుల సంఘం 2003లో పెట్టిన వారం మోతాదు (వారంలో ఇంతకు మించి ఒంట్లోకి వెళ్లకూడదన్న హద్దు) ఒంటి బరువు కిలోకి 1.6 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి వారానికి 96. సరిగ్గా 1.2 మిల్లీగ్రాముల గీత మీద ఉన్న ట్యూనా 150 గ్రాములు తింటే 180 మైక్రోగ్రాములు ఒక్క పూటలో లోపలికి వెళ్తాయి. ఆ చేప కోడెక్స్ పరిమితి లోపలే ఉంది. గర్భిణులకు చేపల రకాల గురించి విడిగా సలహాలు ఇవ్వాల్సి రావడానికి కారణం ఇదే. సీసం విషయంలో అదే సంఘం 2010లో తన పాత వారం మోతాదును వెనక్కి తీసుకుంది. పిల్లల మెదడుకు హాని చేయని స్థాయి అంటూ చూపించగలిగింది కనపడలేదు. కాబట్టి సీసంలో పరిమితికి కొంచెం కింద ఉన్నామని ఆగిపోకుండా, ఇంకా తగ్గించే దారి ఉంటే తగ్గించాలి.

ఫెయిల్ అయితే

ముందు లాట్‌ని కదలనివ్వకండి. ప్రతి బస్తాకీ గుర్తు కట్టి వేరే చోట పెట్టండి. కొంత అప్పటికే వెళ్లిపోయి ఉంటే ఎవరికి ఎంత వెళ్లిందో ఆ రోజే రాసి తెలియజేయండి.

మంచి సరుకు కలిపి సగటు తగ్గించాలన్న ఆలోచన అందరికీ వస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో అది నేరుగా నిషేధం. ఫెయిలైన సరుకును పాసైన సరుకుతో కలపకూడదు, బూజు విషాలను రసాయనాలతో విరగ్గొట్టకూడదు. పై లెక్కలో చూసినట్టు, కలిపినా చెడ్డ గింజ చెడ్డగానే ఉంటుంది, ఇంకొకరి గుప్పిట్లోకి వెళ్తుంది. అనుమతి ఉన్న దారి ఏరివేత. విషం కొద్ది గింజల్లోనే ఉంది కాబట్టి రంగు మారిన, ముడుచుకున్న, పగిలిన గింజలను ఏరేస్తే అంకె బాగా దిగుతుంది. పొట్టు తీశాక రంగు తేడా ఇంకా బాగా కనపడుతుంది, కాబట్టి రంగును బట్టి ఏరే యంత్రం పొట్టు తీసిన తర్వాతే ఎక్కువ పట్టుకుంటుంది. ఏరేసిన తాలు ఎటు పోయిందో కూడా రాసి ఉంచండి. అందులో గాఢత మొదటి లాట్ కంటే ఎన్నో రెట్లు ఉంటుంది, పశువుల దాణాలోకి వెళ్తే పాలలో ఎం1గా తిరిగి వస్తుంది.

ఏరివేత అయ్యాక మళ్లీ 20 కిలోలు తీసి మొదటి నుంచి పరీక్షించండి. ఏమీ చేయకుండా అదే లాట్‌ని పాసయ్యేదాకా మళ్లీ మళ్లీ పంపడం పరీక్ష కాదు. ఒక్కో పరీక్షలో సగం అవకాశంతో పాసయ్యే లాట్‌ని మూడుసార్లు పంపితే కనీసం ఒక్కసారైనా పాసయ్యే అవకాశం 87.5 శాతం. మొదటి ఫలితం తప్పని నిజంగా అనుమానం ఉంటే దానికి సరైన దారి, అప్పుడు నూరి కలిపిన అదే పొడిలోంచి సీలు వేసి దాచిన రెండో భాగాన్ని వేరే ల్యాబ్‌కి ఇవ్వడం. నూరిన రోజే ఆ పొడిని మూడు భాగాలు చేసి, ఒక్కోదాని మీద లాట్ నంబరు, తేదీ, తీసినవారి సంతకం, సీలు నంబరు రాసి, చీకట్లో గడ్డకట్టే చల్లదనంలో ఉంచాలి. జావ చేసి ఉంటే నీళ్లూ గింజలూ ఏ పాళ్లలో కలిపారో కూడా అదే లేబుల్ మీద ఉండాలి.